నీళ్ళు లేని చోట ఊత ఎందుకు?

పోయిన ఆగస్టు 9న మా వైపు ఒక బడిలో ఆదివాసీ దినోత్సవం చేశారు. ఆడపిల్లలకు చీరలు మోకాళ్ళ కిందికి కట్టించి, కొప్పుల్లో పూలు పెట్టి, స్పీకరులో పాట వేసి థింసా ఆడించారు. ఆ వరుసలో నిలబడ్డవాళ్ళంతా యానాది పిల్లలు, ఎరుకల పిల్లలు. థింసా అరకు లోయ ఆట. అక్కడి అక్కచెల్లెళ్ళు పండగకూ పెళ్ళికీ ఒకరి నడుము ఒకరు పట్టుకుని ఆడే ఆట. దాని మీద నాకు గౌరవమే తప్ప కోపం లేదు. కానీ బకింగ్‌హాం కాలువ గట్టున పుట్టిన పిల్లకు తనది కాని ఆట నేర్పి, ఇదే నీ సంస్కృతి అని చప్పట్లు కొట్టించడం ఏమిటి?

వేదిక పక్కన ఒక బల్ల వేసి 'గిరిజన హస్తకళలు' అని అట్టముక్క అంటించారు. దాని మీద రెండు ఈత బుట్టలు, ఒక చేట, ఒక చేపల ఊత. ఊతకు రంగు కాగితాలు చుట్టారు. ఆ ఊతను మా కాలనీలో ఒక తాత దగ్గర అడిగి తెచ్చింది నేనే. ఆయన కూడా వచ్చాడు. బల్ల దగ్గర చాలాసేపు నిలబడి చూసి, "నీళ్ళు లేని చోట ఊత ఎందుకు నాయనా?" అన్నాడు. వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పుడు దొరకని జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

చేతిపని చచ్చిపోతోంది, కాపాడుకోవాలి అని మైకుల్లో వింటున్నాం. చేతిపని దానంతటది చావదు. దాని కింద ఉన్న నీళ్ళు, చెట్టు, నేల లాగేస్తే చస్తుంది. నీళ్ళు లాగేసిన లోకమే ఊతను బల్ల మీద పెట్టి దండ వేస్తోంది. ముందు కాలువ మీద మన హక్కు, ఈతచెట్టు మీద మన హక్కు, మన పేరు మీద మన హక్కు మాట్లాడండి. బుట్టల సంగతి తర్వాత మేమే చూసుకుంటాం.

ఊతలో ఉన్న చదువు

ఊత ఎరగని పిల్లలు మన కాలనీల్లోనే పెరుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. పైన ఇరుకు, కింద వెడల్పు. రెండు వైపులా నోరు తెరిచి ఉంటుంది. సన్నటి వెదురు పుల్లలు వరసగా పేర్చి నారతో కడతారు. మోకాలి లోతు నీళ్ళలో నడుస్తూ, బురద కదిలిన చోట గబుక్కున అదిమి, పై నోటిలోంచి చెయ్యి పెట్టి చేపను తీస్తారు. చెప్పుకుంటే ఇంతే. కానీ పుల్లకూ పుల్లకూ మధ్య ఎంత సందు ఉండాలి? సందు తగ్గితే నీళ్ళు నిలదొక్కుకుని ఊత కిందికి దిగదు. పెరిగితే చేప జారిపోతుంది. సరైన సందు ఉంటే పిల్లచేపలు బయటికి పోతాయి, తినదగ్గ చేప ఆగుతుంది. పిల్లచేపను వదిలెయ్యాలి అని ఇవాళ మత్స్యశాఖ కాగితాలు చెబుతున్న పాఠాన్ని మన తాతలు పుల్లల మధ్య సందులో రాసిపెట్టారు.

ఎలుక బుట్ట చూడండి. వెదురు బద్దను విల్లులాగా వంచి దారంతో బిగించి, లోపల గింజ పెడతారు. ఎలుక గింజను తాకిందో లేదో విల్లు విడుస్తుంది. ఎంత వంచితే బద్ద విరగకుండా ఆగుతుందో, దారం ఎంత బిగువు ఉంటే చిన్న ఎలుక తాకిడికి కూడా విడుస్తుందో చెయ్యికి తెలియాలి. ఎనిమిదో తరగతిలో బలం గురించి చెప్పేటప్పుడు మనం బోర్డు మీద బాణం గుర్తులు గీస్తాం. ఆ పిల్లవాడి మేనమామ దాన్ని రోజూ పొలం గట్టు మీద చేసి చూపిస్తున్నాడని మనకు తట్టదు.

పొగకుండ కూడా అంతే. కుండ అడుగున చిన్న బెజ్జం. లోపల ఎండుగడ్డి కుక్కి నిప్పు పెట్టి, మూతిని ఎలుక బొక్కకు ఆనించి, బెజ్జంలోంచి నోటితో ఊదుతారు. అంతకు ముందే మిగతా బొక్కలన్నీ వెతికి మన్నుతో మూసెయ్యాలి. తాజా మన్ను ఎక్కడుంది, ఏ బొక్కలో ఎలుక ఉంది, ఏది వదిలేసిన బొక్క అని చూసే చూపు ఏ శిక్షణ కళాశాలలోనూ నేర్పరు. కోత అయ్యాక అదే బొక్కల్లోంచి ఎలుక దాచిన వరికంకులు తవ్వి తెచ్చి ఎన్ని ఇళ్ళు గంజి కాచుకున్నాయో మనకు తెలుసు. దాన్ని చెప్పుకోవడానికి సిగ్గుపడతాం. రైతు పంటను కాపాడిన పనికి సిగ్గు ఎందుకు?

మన పక్కవాడలోని ఎరుకల అన్నదమ్ముల సంగతి ఇంకా స్పష్టం. వాళ్ళ తెగల పేర్లే పనుల పేర్లు. వెదురు దబ్బలు చీల్చి బుట్టలల్లేవాళ్ళు దబ్బ ఎరుకలు. ఈతపుల్లల ఎరుకలు, కుంచె ఎరుకలు, ఉప్పు ఎరుకలు, కరివేపాకు ఎరుకలు. కుంచె అంటే నేతపనిలో పడుగుకు గంజి పెట్టి దువ్వే కుంచె. అది లేకపోతే దారం మగ్గం ఎక్కదు. వెంకటగిరి చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. నేతకు కుంచె కట్టి ఇచ్చిన చేతుల పేరు ఏ గుర్తింపు పత్రంలో ఉంది? ఈ తీరం ఇసుక నేలల్లో దొరికే చిరివేరుతోనే ఒకప్పుడు కోరమండల్ బట్టలకు ఎర్ర రంగు వచ్చేది. ఎండలో కూర్చుని ఆ వేరు తవ్వినవాళ్ళలో యానాదులున్నారు. బట్టను పొగిడే పుస్తకాల్లో వేరు తవ్వినవాడు కనిపించడు.

ఎవరు తీసుకున్నారు?

శ్రీహరికోట దీవి మన యానాదుల ఇల్లు. 1835లో తెల్లదొరల ప్రభుత్వం మద్రాసుకు వంటచెరకు కోసం ఆ దీవిని చేతిలోకి తీసుకుంది. అప్పటిదాకా మనవాళ్ళు తమకోసం ఏరుకున్న తేనె, మైనం, కుంకుళ్ళు, చిరివేరు అప్పటినుంచి సర్కారుకు ఏరిపెట్టి కూలి తీసుకునే సరుకు అయ్యాయి. అడవి అదే, చేతులు అవే. హక్కు పోయి కూలి మిగిలింది. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి మొదటి చిన్న రాకెట్ లేచింది. రాకెట్ మీద నాకు కోపం లేదు. అది లేచిన ప్రతిసారీ నా పిల్లలతో కలిసి ఆకాశం చూస్తాను. కానీ ఆ దీవిలో ఏ తీగ ఎక్కడ ఉందో, ఏ ఆకు ఏ నొప్పికి పనికొస్తుందో తెలిసిన మనుషులను పులికాట్ ఇవతలి ఒడ్డున కూలీలుగా నిలబెట్టిన రోజున దేశం ఒక గ్రంథాలయం పోగొట్టుకుంది. దాని లెక్క ఎవరూ రాయలేదు.

ఎరుకలకు జరిగింది వేరే రకం. ఉప్పు ఎరుకలు తీరంలో ఉప్పు ఎత్తుకుని గాడిదల మీద, ఎద్దుల మీద పై ఊళ్ళకు తీసుకుపోయి ధాన్యానికి మార్చేవాళ్ళు. ప్రభుత్వం ఉప్పును గుప్పిట్లో పెట్టుకుంది. రైలు వచ్చింది. వాళ్ళ దారి మూసుకుపోయింది. బతుకు దారి మూసేసి, తిరుగుతున్నారు కాబట్టి దొంగలు అన్నారు. 1871 నేరస్థ తెగల చట్టం తర్వాత 1911లో చేసిన చట్టం మద్రాసు రాజధానికీ వర్తించింది. మన కావలిలోనే ఎరుకలకు సెటిల్‌మెంటు పెట్టి, అమెరికా బాప్టిస్టు మిషను వాళ్ళ చేతిలో పెట్టారు. పుట్టుకతోనే నేరం రాసిపెట్టిన ఆ చట్టం దేశమంతటా పోయేసరికి 1952 వచ్చింది. చట్టం పోయింది కానీ చూపు పోలేదు. బుట్టలు అమ్ముకోవడానికి ఊళ్ళోకి వచ్చిన ఎరుకల అమ్మను ఇప్పటికీ పైనుంచి కిందికి అనుమానంగా చూస్తారు. అదే ఊరు ఆమె బుట్టను ఎగ్జిబిషనులో చూసి 'ఎంత బాగుందో' అంటుంది.

ఇక మన కళ్ళముందు జరిగింది రొయ్యల గుంటలు. 1990ల నుంచి ఈ తీరమంతా తవ్వేశారు. ఉప్పుటేళ్ళ గట్లకు కంచెలు పడ్డాయి. గుంటల నీళ్ళు వదిలిన కాలువల్లో చేప తగ్గింది, ఊటబావుల్లో ఉప్పు ఎక్కింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులు తీసెయ్యమంది. 2005లో కొత్త చట్టం వచ్చి వాటికి మళ్ళీ దారి వేసింది. నిన్న ఊత వేసిన కాలువ గట్టు మీదే మనవాడు ఇవాళ రొయ్యల గుంటకు రాత్రి కాపలా కాస్తున్నాడు. అడ్వాన్సు తీసుకున్నాడు కాబట్టి పండక్కి కూడా ఇంటికి రాలేడు. తీరం వెంబడి రేవులు వచ్చాయి, కరెంటు కేంద్రాలు వచ్చాయి. పోరంబోకులో, గట్ల మీద ఉన్న ఈతచెట్లు, తాడిచెట్లు పోయాయి. ఈత మట్ట లేకుండా బుట్ట అల్లడం ఎలాగో ఏ శిక్షణ శిబిరం నేర్పుతుంది?

పాలస్తీనా ఆడవాళ్ళు చెప్పే పాఠం

మనలాగే ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. పాలస్తీనా ఆడవాళ్ళ కుట్టుపని గురించి చదివినప్పుడు నాకు మన కాలనీ గుర్తుకొచ్చింది. ఆ కుట్టును వాళ్ళు తత్రీజ్ అంటారు. ఒకప్పుడు ఏ ప్రాంతం కుట్టు ఆ ప్రాంతానిదే. దారం రంగూ పూల వరసా చూసి, ఈమె ఏ వైపు ఆడబిడ్డో చెప్పేవాళ్ళు. 1948లో లక్షలమంది ఊళ్ళు విడిచి శిబిరాల్లో పడ్డారు. వందల ఊళ్ళు నేలమట్టమయ్యాయి. ఆ ఊళ్ళ పూల వరసలను ఆడవాళ్ళు గుడారాల్లో కూర్చుని కుట్టారు, కూతుళ్ళకు నేర్పారు. 1980ల చివర తిరుగుబాటు రోజుల్లో వాళ్ళ జెండా ఎగరేయడం నేరం. అప్పుడు జెండా రంగులను, దేశం పటాన్ని దుస్తుల మీద కుట్టుకుని తిరిగారు. గుడ్డ మీద సూదితో కుట్టిన జెండాను ఏ సైనికుడు దించగలడు? 2021లో యునెస్కో ఆ కుట్టును మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇందులో మనకు రెండు పాఠాలు ఉన్నాయి. ఒకటి, వాళ్ళు ప్రభుత్వం కోసం కాచుకోలేదు. తల్లి కూతురికి నేర్పింది. కుట్టును అమ్ముకున్నారు కూడా. అమ్ముకుంటూనే ఇది మా ఊరిది అని చెప్పుకున్నారు. రెండోది ఇంకా ముఖ్యం. యునెస్కో జాబితా వాళ్ళకు ఊరిని తిరిగి ఇవ్వలేదు. గౌరవ పత్రం వేరు, నేల వేరు. అక్కడ ఆలివ్ చెట్టు కర్రతో బొమ్మలు చెక్కేవాళ్ళున్నారు. చెట్లను పెకలిస్తే ఆ చెక్కడం ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు, ఈతచెట్టు పోయినవాళ్ళం కదా.

అయితే వాళ్ళకూ మనకూ ఒక తేడా ఉంది. సూదీ దారం మూటలో కట్టుకుని శిబిరానికి పోవచ్చు. ఉప్పుటేరును మూట కట్టుకుని పోలేం. ఊత వేసే చెయ్యి నీళ్ళల్లోనే నేర్చుకుంటుంది. అందుకే మన చేతిపనిని నేల నుంచి విడదీసి కాపాడతామనే మాట మనకు ఇంకా పెద్ద మోసం.

రెండు ఎదురు ప్రశ్నలు

ఇది చదివి మన కుర్రవాళ్ళే అడుగుతారు: "ఏంది సార్, మమ్మల్ని మళ్ళీ ఎలకలు పట్టుకోమంటారా?" న్యాయమైన ప్రశ్న. పొగకుండ ఊది ఊది దగ్గుతో మంచం పట్టినవాళ్ళను నేను చూశాను. బొక్కలో చెయ్యి పెట్టి పాము కాటు తిన్నవాళ్ళు ఉన్నారు. తోకకు ఇన్ని రూపాయలని లెక్కగట్టి ఇచ్చిన కూలితో పిల్లలను చదివించలేకపోయారు. ఆ బతుకును నేను పొగడను. మన పిల్లలు డాక్టర్లు కావాలి, శ్రీహరికోట లోపల ఇంజినీర్లు కావాలి. నేను అడిగేది వేరు. పనిలోని బానిసత్వాన్ని వదిలేద్దాం, పనిలోని తెలివిని వదలొద్దు. వేరొకరి పొలంలో ఎలుక పట్టడం మన తలరాత కాకూడదు. కానీ ఎలుక బుట్ట చేసిన బుర్ర మనదని చెప్పుకోగలగాలి. తన తాత అజ్ఞాని అని నమ్మి ఇంజినీరు అయిన పిల్లవాడు పెద్ద ఉద్యోగంలో కూడా తల వంచుకునే నడుస్తాడు.

రెండో ప్రశ్న చదువుకున్న పెద్దలది: "మార్కెట్ కల్పిస్తే చాలు కదా, స్టాళ్ళు పెట్టిస్తున్నాం కదా." పెట్టించండి. బుట్ట అమ్ముడుపోతే అల్లినామె ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కానీ స్టాలులో కొనేవాడికి కావలసింది గోడకు తగిలించే చిన్న బుట్ట. ధాన్యం మోసే గంప కాదు, చేప పట్టే ఊత కాదు. వాడకం పోయిన వస్తువు నాలుగేళ్ళలో బొమ్మ అవుతుంది. బొమ్మకు పుల్లల మధ్య సందు ఎంత ఉన్నా ఒకటే. అక్కడితో ఊతలోని చదువు అయిపోతుంది. స్టాలు చాలు అనేవాళ్ళను ఒకటే అడగండి: బుట్టకు ఈత ఎక్కడినుంచి తెచ్చుకోమంటారు? ఎవరి గట్టు మీద కోసుకోమంటారు?

మనం చెయ్యాల్సింది

ప్రభుత్వాన్ని తిట్టి ఊరుకుంటే సగం పనే. మన తప్పు మనం చూసుకోవాలి. ఉద్యోగం రాగానే యానాది అనే మాట నోట రానివ్వం. అద్దె ఇంటికోసం పేరు దాస్తాం. అనాది నుంచి ఉన్నవాళ్ళం కాబట్టి యానాదులం అని మన పెద్దలు పేరుకు అర్థం చెప్పుకున్నారు. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఐదు లక్షలు దాటిన జనం మనం. వెన్నెలకంటి రాఘవయ్య గారు మన తెగ మనిషి కాకపోయినా, యానాదుల కోసం సంఘం పెట్టి, 1962లో మన మీద పుస్తకం రాశారు. అంతకు ముందే 1909లో థర్‌స్టన్ దొర రాశాడు. మన గురించి మనం రాసుకున్నది ఎంత? ఆ అప్పు మన టీచర్ల మీదే ఉంది.

చట్టాలు పూర్తిగా లేకుండా లేవు. నెల్లూరు తీరం షెడ్యూల్డు ప్రాంతం కాదు. మన్యానికి ఉన్న భూమి రక్షణలు మనకు లేవు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డు ప్రాంతాలకే పరిమితం కాదు, అటవీ భూమి ఉన్న చోటల్లా వర్తిస్తుంది. అందులో మూడో సెక్షను చూడండి. నీటి వనరుల్లోని చేపల మీద సామూహిక హక్కు ఉంది, చిన్న అటవీ ఫలాల మీద హక్కు ఉంది, జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక మేధోహక్కు కూడా ఉంది. మన కాలనీల్లో ఎంతమందికి ఈ సంగతి చెప్పాం? 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. అందులో మన మందు చెట్లు, మన చేపలు, మన పేర్లతో ఎక్కాలి. రిజిస్టరు చూపించమని గ్రామసభలో అడగండి. లేదంటే, రాయమని అర్జీ పెట్టండి. పోరంబోకు గట్ల మీద ఈత, తాడి నాటించమని, ఉన్నవి కొట్టొద్దని, కాలువకు దారి వదలమని తీర్మానం అడగండి.

బడిలో చేయగలిగింది ఇంకా దగ్గర్లో ఉంది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేని రోజులు ఇచ్చి, స్థానిక వృత్తులవాళ్ళ దగ్గర నేర్చుకోమంది. ఆ పది రోజుల్లో రెండు రోజులు ఊత కట్టే తాతను, బుట్టలల్లే అవ్వను బడికి పిలవండి. ప్రదర్శనకు కాదు, పాఠానికి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి, పిల్లల చేత 'సార్', 'మేడమ్' అనిపించండి. పుల్లల మధ్య సందు కొలిపించి నోటు పుస్తకంలో రాయించండి. చేపల పేర్లు, తీగల పేర్లు, ఎరుకల భాషలో మాటలు తెలుగు అక్షరాల్లో రాయించండి. కాలనీ పటం గీయించి, ఒకప్పుడు ఈతచెట్లు ఎక్కడుండేవో, కాలువకు దారి ఎటు ఉండేదో పెద్దవాళ్ళను అడిగి గుర్తు పెట్టించండి. రేపు గ్రామసభకు ఆ పటమే అర్జీ అవుతుంది.

ఆగస్టు 9 ఎందుకు వచ్చిందో కూడా పిల్లలకు చెప్పండి. 1982లో ఆ రోజున ఆదివాసీల హక్కుల గురించి ఐక్యరాజ్య సమితిలో ఒక బృందం మొదటిసారి కూర్చుంది. 1994లో ఆ రోజును మన రోజుగా ప్రకటించారు. అది హక్కుల సమావేశం జరిగిన రోజు. మనం దాన్ని వేషాల రోజుగా మార్చుకున్నాం.

వచ్చే ఆగస్టు 9న మా బడి పిల్లలను ఊత బల్ల దగ్గరికి తీసుకుపోను. తాతను ముందు నడిపించి, ఊత ఆయన చేతికి ఇచ్చి, అందరం కలిసి కాలువ దగ్గరికి పోతాం. దారిలో కంచె అడ్డం వస్తే అక్కడే ఆగి, కాగితం తీసి, ఈ దారి ఎవరిదని రాసి, పిల్లల తల్లిదండ్రుల చేత సంతకాలూ వేలిముద్రలూ వేయించి పంచాయతీలో ఇస్తాం. తాత అడిగిన ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు అదే. ఊతను బల్ల మీద నుంచి దించుదాం. నీళ్ళ దాకా దారి అడుగుదాం.